ఐదేళ్లయినా కన్సోల్ ధర తగ్గదేం? నష్టానికి అమ్ముతున్నారన్నది నిజమేనా?

సిల్క్‌బోర్డ్_సిగ్నల్
సోనీ గేమ్ కన్సోల్ పీఎస్2 (ప్లేస్టేషన్ 2) 2000లో 299 డాలర్లకి వచ్చింది, 2009 కల్లా 99కి దిగింది. పీఎస్5 2020లో 499. 2025 ఆగస్టులో అమెరికాలో దాన్ని 549.99 చేశారు. మన దగ్గర 2021 ఫిబ్రవరిలో 49,990కి మొదలై, 2022 నవంబరుకే 54,990 అయింది. బెంగళూరులో ఏ షాపులో అడిగినా "కంపెనీవాళ్లు నష్టానికి ఇస్తున్నారు సార్" అని ఒకటే పాట. నష్టానికి ఇచ్చేవాడు ఐదేళ్లలో ఖర్చు తగ్గించుకుని ధర దించాలి గానీ పెంచుతాడా? లెక్క తెలిసినవాళ్లు చెప్పండి. డబ్బా చవగ్గా ఇచ్చి గేముల మీద రాబడతారనే ప్రింటరు చవక, ఇంకు ఖరీదు కథ మాత్రం వద్దు, వినీ వినీ విసుగొచ్చింది.

టీ_బ్రేక్
ప్రింటరు చవక, ఇంకు ఖరీదు.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్
వచ్చాడండీ.

లెక్కల_మాస్టారు
షాపువాడు చెప్పింది సగం నిజం. నష్టం అనేది కన్సోల్ పుట్టినప్పుడు ఉంటుంది, ఎల్లకాలం ఉండదు. అందరిలోకీ ఘోరం పీఎస్3. 2006 నవంబరులో 60 జీబీది 599 డాలర్లకి వదిలారు. ఐసప్లై అనే సంస్థ దాన్ని విప్పి లెక్కేస్తే భాగాలూ కూర్పూ కలిపి 840.35 డాలర్లు తేలింది. అందులో కంట్రోలర్, కేబుళ్లు, అట్టపెట్టె లేవు. షాపువాడి కమీషనూ ఓడ కిరాయీ కూడా లేవు. అంటే ఒక్కో డబ్బా మీద కనీసం 240 డాలర్లు పోయినట్టు.

దాన్ని ఎలా దించుకొచ్చారో చూస్తే నీ ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది. మొదట్లో పీఎస్2 గేములు ఆడడానికి లోపల పీఎస్2 చిప్పులే పెట్టారు, తర్వాత తీసేశారు. నాలుగు యూఎస్‌బీ పోర్టులు రెండయ్యాయి. మెమరీ కార్డు రీడరు పోయింది. సెల్ అనే దాని ముఖ్య చిప్పు తయారీ కొలత 90 నానోమీటర్ల నుంచి 65కి, అక్కడి నుంచి 45కి దిగింది. చిప్పు చిన్నదైతే వేడి తక్కువ, వేడి తగ్గితే ఆ వేడిని లాగే హీట్‌సింకూ ఫ్యానూ పవర్ సప్లై చిన్నవి, అవి తగ్గితే డబ్బా చిన్నది, అప్పుడు ఒక కంటైనరులో ఎక్కువ పడతాయి. 2009లో స్లిమ్ వచ్చేసరికి ధర 299. మూడేళ్లలో సగం!

నష్టాల_నాయుడు
మాస్టారూ, అందరూ నష్టానికే అమ్ముతారన్నట్టు రాయకండి. నింటెండో ఆ దారిలో పోదు. వాళ్ల వీ (Wii) కన్సోల్ 2006లో 249.99కి వచ్చి మొదటి రోజు నుంచీ లాభమే. లోపల తమ పాత కన్సోల్ గేమ్‌క్యూబ్ తరం చిప్పునే కాస్త పెంచి వాడుకున్నారు. 10 కోట్లకి పైగా అమ్మారు. సోనీ, మైక్రోసాఫ్ట్ చిప్పుల వేగంలో కొట్టుకుంటుంటే వీళ్లు గల్లా పెట్టె సర్దుకున్నారు.

లెక్కల_మాస్టారు
అందరూ అనలేదు నాయుడూ, పీఎస్3 అన్నాను. అయినా నింటెండోకీ దెబ్బలు తగిలాయి. చేతిలో పట్టుకుని ఆడే 3డీఎస్ 2011 మార్చిలో అమెరికాలో 249.99. జనం కొనలేదు. ఆగస్టులోనే 169.99కి కోశారు. ముందే కొన్నవాళ్లు గొడవ చేయకుండా 20 పాత గేములు ఉచితం. అధ్యక్షుడు ఇవాతా తన జీతం సగం కోసుకున్నాడు. వీ తర్వాతి కన్సోల్ వీ యూ కూడా నష్టానికే వచ్చింది. ఒక్క గేము కొంటే చాలు లాభంలోకి వస్తాం అన్నారు. కన్సోలే 1.35 కోట్ల దగ్గర ఆగిపోయింది, ఇక గేములు కొనేదెవరు?

డిస్క్_దొర
అసలు సంగతి గేములో వాటా ఎంత అన్నది. అది ఎవరూ రాయడం లేదు.

లెక్కల_మాస్టారు
రాస్తున్నా ఆగు. పీఎస్3, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360 రోజుల్లో 60 డాలర్ల డిస్కు అమ్ముడైతే కన్సోల్ యజమానికి రాయల్టీ దాదాపు 7 డాలర్లని చెప్పుకునేవారు. షాపుకి 15 దాకా. మిగతాది రవాణాకి, అమ్ముడుపోక తిరిగొచ్చే సరుకుకి, పబ్లిషరుకి. అంటే 240 డాలర్ల నష్టం పూడాలంటే ఒక్కో ఇంట్లో 34 గేములు కొనాలి. జరిగే పనేనా? అందుకే సోనీ ఆ తరంలో అంతలా చేతులు కాల్చుకుంది.

ఇప్పుడు అదే గేము ఆన్‌లైన్ స్టోరులో కొంటే యజమానికి 30 శాతం. 70 డాలర్ల గేములో 21. మైక్రోసాఫ్ట్‌లో అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ 2022 అక్టోబరులో ఒక్కో ఎక్స్‌బాక్స్ మీద 100 నుంచి 200 డాలర్లు భరిస్తున్నామన్నాడు. మధ్యలో 150 పట్టుకో. ఏడెనిమిది గేములతో పూడిపోతుంది. మన రూపాయల్లో చెప్పాలంటే 4,999 గేములో 18 శాతం జీఎస్టీ తీస్తే 4,236, అందులో 30 శాతం 1,271.

డిస్క్_దొర
ఇదే నేను చెప్పబోయేది. డిస్కు డ్రైవు లేని పీఎస్5 100 డాలర్లు తక్కువకి ఎందుకిచ్చారు? డ్రైవు ఖరీదు 100 డాలర్లా? కానే కాదు. 2023లో స్లిమ్‌తో పాటు విడిగా అమ్మింది కూడా 79.99కే, అదీ లాభం వేసుకుని. ఆ 100లో చాలావరకు ఎర. డ్రైవు లేనివాడు సెకండ్ హ్యాండ్ డిస్కు కొనలేడు, ఆడేసింది అమ్మలేడు, షాపుల మధ్య పోటీలో పుట్టే డిస్కౌంటూ దక్కదు. వాడి ప్రతి రూపాయీ ఒకే కౌంటరులో పడాలి.

ఇక్కడ బెంగళూరు మెజెస్టిక్ దగ్గర నేషనల్ మార్కెట్‌లో ఒక డిస్కు నలుగురి చేతులు మారిందనుకో. సోనీకి ముట్టేది మొదటివాడి దగ్గర నుంచి మాత్రమే. మిగతా మూడు బేరాలూ షాపువాడి సొత్తు.

టీ_బ్రేక్
అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. మనం అమ్మేటప్పుడు గీతలున్నాయంటాడు, అదే డిస్కు మనకి అమ్మేటప్పుడు "సీల్ కండిషన్ బాస్".

రిచీస్ట్రీట్_రాత్రి
చెన్నైలోనూ అదే పాట, భాష వేరు. కానీ దొరా, ఈ డిస్కుల గొడవలో పడి 2013లో ఎక్స్‌బాక్స్ వన్ తెచ్చేటప్పుడు మైక్రోసాఫ్ట్ ఏం చేసుకుందో మరిచిపోయావు. వాడిన డిస్కుల మీద ఆంక్షలు, 24 గంటలకోసారి ఇంటర్నెట్‌కి కనెక్ట్ కావాలన్నారు. జనం ఉతికారేస్తే వారం పది రోజుల్లో వెనక్కి తగ్గారు. పైగా కినెక్ట్ కెమెరా బలవంతంగా అంటగట్టి 499 పెట్టారు, పీఎస్4 399. విప్పి చూసినవాళ్ల లెక్క ప్రకారం ఎక్స్‌బాక్స్ వన్ తయారీ 471, పీఎస్4 381. రెండూ నష్టం అంచునే. అక్కర్లేని కెమెరాకి 100 డాలర్లు కట్టమంటే ఎవడు కడతాడు?

సిల్క్‌బోర్డ్_సిగ్నల్
బాగుంది, గేముల లెక్క అర్థమైంది. నా ప్రశ్న అది కాదు. పీఎస్3 మూడేళ్లలో సగమైందే, పీఎస్5 ఎందుకు కాలేదు?

చిప్పుల_చెల్లి
చిప్పు చిన్నదైతే చవక అనే సూత్రం చచ్చిపోయింది కాబట్టి. కాస్త ఓపికగా చదవండి.

పీఎస్5 చిప్పు ఏఎండీ కంపెనీ డిజైను, తైవాన్ చిప్పుల తయారీ కంపెనీ టీఎస్ఎంసీ 7 నానోమీటర్లలో తయారీ. వైశాల్యం దాదాపు 308 చదరపు మిల్లీమీటర్లు. చిప్పులు కోసే 300 మిల్లీమీటర్ల సిలికాన్ పలక, అంటే వేఫరు, గుండ్రంగా ఉంటుంది, చిప్పులు చతురస్రాలు. గుండ్రటి పిండిలో పలకల బిస్కెట్లు కోసినట్టు అంచుల్లో వృథా పోతుంది. అది తీసేస్తే ఒక వేఫరుకి 190 దాకా వస్తాయి. 2022లో 6 నానోమీటర్లకి మారి సుమారు 260 చేశారు, అప్పుడు 230 దాకా. అంటే ఒక వేఫరుకి 40 చిప్పులు ఎక్కువ. బాగానే ఉంది, కానీ పీఎస్2 రోజుల్లో రెండు పెద్ద చిప్పుల్ని కలిపి ఒకే చిన్న చిప్పు చేసినంత లాభం ఇందులో లేదు. ఇంకా చిన్న నానోమీటర్ల కొత్త తయారీ పద్ధతికి వెళ్లే కొద్దీ వేఫరు ధరే పెరుగుతోంది. చిన్నగా కోసి మిగిల్చింది వేఫరు ధర తినేస్తుంది.

పాడైపోయే వాటి సంగతి కూడా ఉంది. పీఎస్5లో 40 గ్రాఫిక్స్ యూనిట్లుంటే 36 మాత్రమే వాడతారు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో 56కి 52. ఎక్కడో ఒక యూనిట్ చెడిపోయినా చిప్పు పారేయకుండా దాన్ని ఆపేసి వాడుకుంటారు. పీఎస్3లోనూ 8కి 7. మీ కన్సోల్లో బాగానే ఉన్న యూనిట్లు కొన్ని ఊరికే నిద్రపోతుండవచ్చు!

నష్టాల_నాయుడు
పీఎస్5 బరువు కూడా తగ్గిందిగా? 4.5 కేజీల నుంచి 3.9కి వచ్చింది 2022 మోడలు.

చిప్పుల_చెల్లి
హీట్‌సింకు కోశారు. రాగీ అల్యూమినియమూ కలిసొచ్చాయి. మొదటి కోత 2021లోనే, అది 4.2 కేజీలు. అప్పుడే, 2021 ఆగస్టులో, 499 మోడలు మీద ఇక నష్టం లేదని సోనీ చెప్పింది. తొమ్మిది నెలల్లో! పీఎస్3 లాంటి గొయ్యి కాదు ఇది.

మిగతా ఖర్చంతా మెమరీ, గేములు దాచుకునే ఎస్ఎస్‌డీ. 16 జీబీ జీడీడీఆర్6 మెమరీ, 825 జీబీ ఎస్ఎస్‌డీ. ఈ ధరలు సోనీ చేతిలో లేవు, మార్కెట్‌ని బట్టి ఊగుతాయి. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల వాళ్లు మెమరీ కోసం ఎగబడ్డారు, ధరలు ఎక్కాయి. బెంగళూరు ఎస్పీ రోడ్డు కంప్యూటర్ షాపుల్లో ర్యామ్ అడిగి చూడండి, తెలుస్తుంది.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్
చెల్లీ, ఇది జవాబు. థాంక్స్. కానీ నష్టం లేదని 2021లోనే చెప్పి 2022లో పెంచడమేంటి?

రిచీస్ట్రీట్_రాత్రి
2022లో పెంచింది అమెరికా తప్ప మిగతా చోట్ల. యెన్ పడింది, యూరో పడింది, రూపాయీ పడింది. భాగాలు డాలర్లలో కొని మన దగ్గర రూపాయల్లో అమ్మితే తేడా వాళ్లే భరించాలి. 2025లో అమెరికాకే ఆ వంతు వచ్చింది, అక్కడ సుంకాలు. సిరీస్ ఎక్స్ 499 నుంచి మేలో 599.99, అక్టోబరులో 649.99. ఎనిమిదేళ్ల పాత నింటెండో స్విచ్ కూడా 299.99 నుంచి 339.99 అయింది. పాతబడిన కన్సోల్ ధర పెరగడమేమిటో! తరం మారేటప్పుడు పాత మోడలు చవగ్గా వస్తుందని ఎదురుచూసే అలవాటు ఇక మానుకోవాలి.

వేళచ్చేరి_వరద
మన ధర విషయంలో అందరూ ఒక తప్పు చేస్తారు. అమెరికా 499 అంటే పన్ను లేకుండా. మన 49,990 అంటే అన్నీ కలిపి. 2021లో వీడియో గేమ్ కన్సోళ్లకి జీఎస్టీ 28 శాతం. 49,990ని 1.28తో భాగిస్తే 39,055. డాలరు 73 అనుకుంటే 535 డాలర్లు. అమెరికా ధర కంటే 36 డాలర్లు, మన డబ్బుల్లో 2,600 పైచిలుకు ఎక్కువ. దిగుమతి సుంకం, ఇక్కడి రవాణా, డిస్ట్రిబ్యూటరు, వారంటీ అన్నీ అందులోంచే రావాలి. అందుకే షాపువాడికి కన్సోల్ మీద మిగిలేది పల్లీలు. 2021లో సరుకు దొరకని రోజుల్లో రెండో కంట్రోలరూ ఒక గేమూ కలిపితేనే ఇస్తామన్నది అందుకే.

డిస్క్_దొర
పల్లీలు తిని బతికేవాడు అద్దె ఎలా కడుతున్నాడు బ్రదర్?

వేళచ్చేరి_వరద
పైన రాశాగా, కంట్రోలరూ కేబులూ మెమరీనూ. తయారీదారుడూ అదే చేస్తాడు. ఎక్స్‌బాక్స్ 360కి 20 జీబీ హార్డ్ డిస్కు 99.99 డాలర్లు, మామూలు డిస్కునే తమ డబ్బాలో బిగించి. సోనీ చేతి కన్సోల్ పీఎస్ వీటా అంతకన్నా ఘోరం, దానికి మాత్రమే పట్టే 32 జీబీ కార్డు 99.99. జనం ఆ ధర చూసే పారిపోయారు.

పాత_క్యాసెట్
మీరంతా డబ్బా ధర దగ్గరే తిరుగుతున్నారు. వ్యాపారం అంతా తాళంలో ఉంది. అటారీ రోజుల్లో తాళం లేదు, ఎవడు పడితే వాడు క్యాసెట్టు వేసి అమ్మాడు, 1983లో మార్కెట్టే కూలింది. నింటెండో అది చూసి తన ఎన్ఈఎస్ కన్సోల్లో ఒక చిప్పు, క్యాసెట్టులో ఒక చిప్పు పెట్టింది. రెండూ మాట కలిస్తేనే గేము నడుస్తుంది. లైసెన్సు తీసుకున్నవాడు ఏడాదికి ఐదు గేములకి మించి వేయకూడదు, క్యాసెట్లు నింటెండో దగ్గరే డబ్బు ముందు కట్టి చేయించుకోవాలి. గేము అమ్ముడైనా కాకపోయినా నింటెండో డబ్బు నింటెండోకి ముట్టింది.

తాళం లేకపోతే ఏమవుతుందో సెగా కంపెనీ కన్సోల్ డ్రీమ్‌కాస్ట్ చూపించింది. దాని సొంత డిస్కు 1 జీబీ. కానీ మిల్‌సీడీ అనే ఒక పాటల సీడీ పద్ధతిని కూడా కన్సోల్ చదివేది. ఆ కిటికీలోంచి దూరారు. మామూలు సీడీలో గేము రాసి పెడితే తాళం తప్పించే చిప్పు కొట్టాల్సిన పని కూడా లేకుండా ఆడింది. 199 డాలర్ల డబ్బా నష్టానికి ఇచ్చి రాయల్టీ రాకపోతే ఇంకేముంది? 2001 మార్చిలో సెగా చేతులెత్తేసింది. పైరసీ ఒక్కటే చంపిందనను, అంతకుముందు కన్సోల్ శాటర్న్‌తో షాపుల దగ్గరా గేములు చేసేవాళ్ల దగ్గరా పేరు ముందే పోయింది, పెద్ద గేముల కంపెనీ ఈఏ అసలు రానే రాలేదు.

టీ_బ్రేక్
చెన్నై బర్మా బజార్లో చిప్పు కొట్టిన పీఎస్2ల దెబ్బకి సోనీ ఎందుకు పోలేదు మరి?

పాత_క్యాసెట్
పీఎస్2 15 కోట్లకి పైగా అమ్ముడైంది. మన దగ్గర పోయింది అమెరికా, జపాన్, యూరప్‌లో వచ్చింది. డ్రీమ్‌కాస్ట్‌కి ఆ వెసులుబాటు లేదు.

తిరగేసి చూడాలంటే 3డీఓ అనే కన్సోల్ ఉంది. 1993. గేముకి రాయల్టీ 3 డాలర్లే, చేసేవాళ్లకి పండగ. కానీ డబ్బా తయారు చేసేది పానసోనిక్ లాంటి వేరే కంపెనీలు. వాళ్లకి గేముల్లో వాటా లేదు, డబ్బా మీదే లాభం చూసుకోవాలి. ఫలితం 699.99 డాలర్లు. ఎవరు కొంటారు? నష్టం భరించేవాడూ రాయల్టీ తినేవాడూ ఒకడే కావాలి, వేరైతే ఇలాగే అవుతుంది.

చిప్పుల_చెల్లి
క్యాసెట్ అంకుల్ చెప్పినదానికి ఒక తోక. పీఎస్3ని కంప్యూటరులా వాడుకోవడానికి మొదట్లో లినక్స్ వేసుకోనిచ్చేవారు. 2010లో అమెరికా వైమానిక దళం 1,760 పీఎస్3లు కలిపి సూపర్ కంప్యూటర్ కట్టింది. సోనీకి గేముల మీద వచ్చింది సున్నా. అదే ఏడాది ఏప్రిల్లో ఆ లినక్స్ సదుపాయాన్నే అప్‌డేటుతో పీకేశారు, కారణం భద్రత అన్నారు లెండి. పీసీ గేముల ఆన్‌లైన్ స్టోరు స్టీమ్ నడిపే వాల్వ్ తన స్టీమ్ మెషీన్‌ని నష్టానికి ఇవ్వనన్నది కూడా ఇందుకేనని నా అనుమానం. అది తెరిచిన పీసీ. చవగ్గా ఇస్తే ఆఫీసులు వందల్లో కొనుక్కుని విండోస్ వేసుకుంటాయి, స్టీమ్‌లో ఒక్క గేమూ కొనవు.

నష్టాల_నాయుడు
ఎక్స్‌బాక్స్ సంగతి తేల్చండి. కన్సోల్ అమ్మకం మీద లాభం ఏనాడూ చూడలేదని 2021 మేలో కోర్టులో వాళ్ల మనిషే చెప్పింది, ఎపిక్, యాపిల్ కేసులో. అంతకుముందు 2007లో 360లు ఎర్ర లైట్లు వెలిగి పాడైపోయిన గొడవకి వారంటీ మూడేళ్లకి పెంచి 100 కోట్ల డాలర్లకి పైగా పక్కన పెట్టారు. ఇంత పోగొట్టుకుని ఇప్పుడు తమ గేముల్ని పీఎస్5లో అమ్ముకుంటున్నారు.

లెక్కల_మాస్టారు
అమ్ముకోక ఏం చేస్తారు? గేముల కంపెనీ యాక్టివిజన్ కొనడానికి 6,870 కోట్ల డాలర్లు పెట్టారు, 2023 అక్టోబరులో ఆ బేరం ముగిసింది. ఆ గేముల్ని తమ కన్సోల్ ఉన్నవాళ్లకే పరిమితం చేస్తే కిట్టదు. పీఎస్5లో అమ్మితే 30 శాతం సోనీకి కట్టాలి, అయినా 70 మిగులుతుంది. డబ్బా నష్టం భరించేది సోనీ.

మైక్రోసాఫ్ట్ నెల చందా పథకం గేమ్ పాస్ లెక్క వేరే తలనొప్పి. గేము వచ్చిన రోజే అందులో పెడితే 70 పెట్టి కొనేవాడు కూడా నెల చందాతో సరిపెట్టుకుంటాడు. 2025 అక్టోబరులో అందులో పై రకం అల్టిమేట్ 19.99 నుంచి 29.99కి ఎక్కింది. ఒక్కసారే సగం పెంచారంటే పాత ధర గిట్టలేదనే కదా.

నష్టాల_నాయుడు
ఒప్పుకోను. చందా నెలనెలా వస్తుంది, గేము ఒకసారే అమ్ముడవుతుంది.

లెక్కల_మాస్టారు
నెలనెలా వచ్చేది నిజమే, గేము ఖర్చు కూడా చూడు. ద లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగానికి సోనీ 22 కోట్ల డాలర్లు పెట్టిందని 2023లో కోర్టు కాగితాల్లో సరిగా చెరపక బయటపడింది. 60 డాలర్లు పూర్తిగా చేతికొచ్చినా 36.7 లక్షల కాపీలు అమ్మితేనే అసలు దక్కుతుంది. దాన్ని మొదటి రోజే చందాలో పడేస్తే ఆ 36 లక్షల మందీ ఎన్ని నెలలు కడతారు? ఆడేసి మానేస్తారు. సోనీ తన పెద్ద గేముల్ని మొదటి రోజు తన చందా పథకం పీఎస్ ప్లస్‌లో పెట్టకపోవడం పిసినారితనం కాదు.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్
సరే, చివరి ప్రశ్న. మన దేశంలో నింటెండో అధికారికంగా అమ్మదు కదా. చెన్నైలో ఒకచోట జపాన్ స్విచ్ 2 బాగా తక్కువకి ఉందని ఫార్వర్డ్ వచ్చింది. తీసుకోవచ్చా?

రిచీస్ట్రీట్_రాత్రి
వద్దు. జపాన్‌లో రెండు రకాలున్నాయి. జపనీస్ భాష మాత్రమే ఉన్నది 2025లో 49,980 యెన్లకి, అన్ని భాషలదీ 69,980కి వచ్చాయి. యెన్ బలహీనంగా ఉన్నా అక్కడివాళ్లు కొనగలగాలని మొదటిదాని ధర తగ్గించారు. అది బయటికి పారిపోకుండా భాషతో కట్టేశారు. నింటెండో అకౌంటు కూడా జపాన్‌దే ఉండాలి. ఇందాక క్యాసెట్ అంకుల్ తాళం అన్నారే, అదే తాళం, చిప్పుకి బదులు భాష.

వేళచ్చేరి_వరద
షాపువాడు "అప్‌డేట్ చేస్తే ఇంగ్లీష్ వస్తుంది తంబీ" అంటాడు చూడు.

రిచీస్ట్రీట్_రాత్రి
అంటాడు. డబ్బు ఇచ్చే ముందు అక్కడే ఆన్ చేయించి, సిస్టమ్ సెట్టింగ్స్‌లో భాష ఇంగ్లీషుకి మార్చి చూపించమను. తర్వాత నీ అకౌంటు కలిపి చూడు. రెంటిలో ఏది కాకపోయినా డబ్బా వెనక్కిచ్చి వచ్చెయ్యి. వారంటీ ఎలాగూ ఇక్కడ చెల్లదు, కాబట్టి డాక్‌లో పెట్టి టీవీకి బొమ్మ వస్తోందో లేదో, పక్కన తగిలించే జాయ్‌కాన్ కంట్రోలర్లు రెండు వైపులా పట్టుకుంటున్నాయో లేదో కూడా అక్కడే చూసుకో.

టీ_బ్రేక్
లేదంటే జపనీస్ నేర్చుకో. సిల్క్‌బోర్డ్ సిగ్నల్ దగ్గర ట్రాఫిక్‌లో రోజూ ఖాళీయేగా నీకు.